హంతకుడెవరో పల్లెకు తెలుసు

(టీవీ నేర నాటకాల మీద, గూఢచారి సీరియళ్ళ మీద యువజన కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న పొద్దున భూమి సమస్య మీద, సాయంత్రం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీద మాట్లాడుకున్నాం. ఇవాళ టీవీ సీరియళ్ళ మీద మాట్లాడతామంటే వెనక వరసలో కొందరు నవ్వారు. నవ్వండి, తప్పులేదు. "ఇంత దూరం బస్సెక్కి వచ్చింది సీరియళ్ళ కబుర్లు వినటానికా?" అని ఒక పెద్దాయన మా ముఖానే అడిగాడు. ఆయనకు జవాబు చెప్పటానికే ఈ గంట.

మన గూడేల్లో లైబ్రరీ లేదు. పేపరు తెప్పించే ఇల్లు ఒకటో రెండో ఉంటాయి. టీవీ మాత్రం దాదాపు ప్రతి ఇంట్లో ఉంది. కుర్రాళ్ళ జేబుల్లో ఫోనుంది. పోలీసంటే ఎవరు, నేరమంటే ఏంటి, దొంగ ఎట్లా ఉంటాడు, శిక్ష ఎవరు వెయ్యాలి - ఇవన్నీ మన పిల్లలకు మనం చెప్పకముందే అది చెప్పేస్తోంది. మనం నెలకొక మీటింగు పెడతాం. అది రోజూ రాత్రి పెడుతుంది.

ముందు మేము కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాం. ఒక పల్లెకు పోయినప్పుడు చర్చి వెనక ఖాళీ జాగాలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఏం ఆటరా అంటే 'సీఐడీ ఆట' అన్నారు. ఒకడు ఏసీపీ ప్రద్యుమన్. వేళ్ళు తిప్పుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంకొకడు దయా. పాత రేకు ఒకటి గోడకు ఆనించి పెట్టుకున్నారు, అదే తలుపు. దాన్ని తన్ని పడేశాడు. లోపల దొంగ. ఆ దొంగ ఎవడంటే, అందర్లోకీ నల్లగా ఉండి, చొక్కాకు గుండీల్లేని పిల్లోడు. వీణ్ణే ఎందుకు దొంగను చేశార్రా అంటే "వాడైతేనే బాగుంటాడు సార్" అన్నారు. వాడికీ ఏం అభ్యంతరం లేదు. నవ్వుతూ చెంప చూపించాడు, దెబ్బ తిన్నాడు, "నేనే చంపాను సార్" అన్నాడు. ఆట అయిపోయింది.

అందరూ మన పిల్లలే. నాయుడుగారి పిల్లలో రెడ్డిగారి పిల్లలో వచ్చి మనవాణ్ణి దొంగను చెయ్యలేదు. మన పిల్లలే మన పిల్లోణ్ణి ఏరి దొంగను చేశారు. రేపు నిజం జీపు వచ్చినప్పుడు ఆ జీపులో ఉన్నవాడి కంటికి ఆ ఏసీపీ, ఆ దయా, ఆ దొంగ ముగ్గురూ ఒక్కలాగే కనపడతారని ఆ పసివాళ్ళకు తెలియదు.

సీఐడీ అనే ఆ సీరియల్ 1998 జనవరిలో సోనీలో మొదలైంది. 2018 అక్టోబరు దాకా ఇరవై ఏళ్ళు నడిచింది. పదిహేను వందల భాగాలు దాటింది. 2024 డిసెంబరులో మళ్ళీ మొదలుపెట్టారు. హిందీ ముక్క రాని ఇళ్ళల్లో కూడా దాన్ని చూశారు. ఎందుకంటే దానికి భాష అక్కర్లేదు. శవం, భూతద్దం, తలుపు పగలగొట్టటం, చెంపదెబ్బ, ఒప్పుకోలు. అంతే. చెంపదెబ్బ తర్వాత వకీలు లేడు, జడ్జి లేడు, సాక్షి లేడు. ఉరిశిక్ష తప్పదని ఏసీపీయే చెప్పేస్తాడు. ఇల్లాళ్ళు "తగిన శాస్తి" అంటారు. టీవీ కట్టేసి పడుకుంటారు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. పోలీసు అధికారి ముందు ముద్దాయి చేసిన ఒప్పుకోలు కోర్టులో అతని మీద సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఆ మాట చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. అంటే స్టేషన్లో ఒప్పుకోలు ఎట్లా రాబడతారో తెల్లదొరకు కూడా తెలుసన్నమాట. నూట యాభై ఏళ్ళ కిందట వాడికి తెలిసిన సంగతిని ఇరవై ఏళ్ళపాటు వారం వారం టీవీ మన చేత మరిపించింది. దెబ్బ పడితే నిజం వస్తుందని మన పిల్లలు నమ్ముతున్నారు. మన పిల్లలే కాదు, కొత్తగా ఉద్యోగంలో చేరిన కానిస్టేబులు కూడా నమ్ముతున్నాడు. వాడూ ఆ టీవీ చూసి పెరిగినవాడే గదా!

దెబ్బలతో ఏం వస్తుందో 2021 జూన్ లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరులో చూశాం. ఒక ఇంట్లో వంటపని చేసుకునే దళిత స్త్రీని దొంగతనం అనుమానంతో స్టేషన్ కు తీసుకుపోయారు. ఆమె శవమై బయటకు వచ్చింది. గొడవ చేస్తే, ఉద్యమం చేస్తే, ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగంలోంచి తీసేశారు. దొంగతనం సంగతి పక్కన పెట్టండి. ఒక వంటమనిషి మీద అనుమానం వస్తే ఆమెను కొట్టొచ్చు అనే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? కులం ఇచ్చింది సగం. మిగతా సగం మన చప్పట్లు ఇచ్చాయి. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. అయినా అంటాం.

ఉద్యమంలో మాతో తిరిగే పెద్దమ్మ ఒకామె ఉంది. పేరు చెప్పం. ఆమె కొడుకును పొలం గట్టు మీద కొట్టి చంపారు. కేసు రాయించటానికి పదకొండు రోజులు స్టేషన్ మెట్లు ఎక్కి దిగింది. ఏ స్టేషనో కూడా చెప్పం. చెబితే ఆ ఒక్కటే అట్లాంటిది అనుకుంటారు. ఒక రాత్రి ఆమె ఇంట్లోనే మేమంతా కూర్చుని ఇట్లాంటి సీరియలే ఒకటి చూస్తున్నాం. సగంలో ఆమె అడిగింది:

"ఇంతకీ ఆ కాయితం ఎప్పుడు రాశార్రా?"

"ఏ కాయితం పెద్దమ్మా?"

"కేసు కాయితం. శవం కనపడ్డంతనే జీపొచ్చింది. రాసిందెవరు? ఎవరు పోయి చెబితే రాశారు? చచ్చిపోయినోడు ఏ కులపోడు? ఆడి అమ్మ ఏది?"

మా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాం, మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. మాలో ఇద్దరు లా చదివినవాళ్ళున్నారు, వాళ్ళకీ తట్టలేదు. టీవీలో ఎఫ్.ఐ.ఆర్. అనేది కనపడదు. శవం దొరకటమే ఆలస్యం, రాజ్యం మొత్తం కదిలి వస్తుంది. ప్రయోగశాలలో డాక్టరు చీకటి పడకముందే ఏ గంటకు ప్రాణం పోయిందో చెప్పేస్తాడు. పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వు చూశాకే ఈ ప్రసంగం చెయ్యాలనుకున్నాం.

నేర నాటకమంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: చంపిందెవరు? ఆఖరి అయిదు నిమిషాల దాకా దాచిపెడతారు. అది బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు, మాకూ ఇష్టమే. 1993లో దూరదర్శన్ లో బాసు ఛటర్జీ తీసిన బ్యోంకేశ్ బక్షీ వస్తే మేమూ పనులు మానుకుని చూశాం. రజిత్ కపూర్ చక్కగా చేశాడు. అంతకుముందు 1985లో కరంచంద్ వచ్చింది. పంకజ్ కపూర్ క్యారెట్ కొరుక్కుంటూ హంతకుణ్ణి పట్టేసేవాడు. దేశంలో టీవీ ఉన్న ఇళ్ళన్నీ చూశాయట. మన పల్లెల్లో అప్పటికి టీవీ ఎక్కడిది?

ఆ ఏడాదే, 1985 జూలై 17న, ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర బర్రెలు కడిగిన కుడితినీళ్ళ గురించి మాటా మాటా వచ్చింది. ఒక మాదిగ స్త్రీ ఎదురు మాట్లాడింది. తెల్లారి గొడ్డళ్ళతో, బరిసెలతో వచ్చారు. జనం చీరాలకు పరిగెత్తారు. ఇక్కడ కరంచంద్ చెయ్యాల్సిన పనేమన్నా ఉందా? భూతద్దం పెట్టి వెతకాల్సినదేమన్నా ఉందా? చంపిందెవరో పల్లెకు తెలుసు, ఊరికి తెలుసు, స్టేషన్ కు తెలుసు, హైదరాబాదుకు తెలుసు. టీవీకి కరంచంద్, మనకు కారంచేడు. మన నేరాల్లో 'ఎవరు' అన్నది ప్రశ్న కాదు. రాస్తారా లేదా, పట్టుకుంటారా లేదా, సాక్షి బతుకుతాడా లేదా, కోర్టు నమ్ముతుందా లేదా - ఇవీ ప్రశ్నలు. ఈ ప్రశ్నల మీద ఇరవై ఏళ్ళలో ఎన్ని సీరియళ్ళు చూశారో మీరే లెక్కెయ్యండి.

చుండూరు సంగతి ఇంకా నేర్చుకోదగింది. 1991 ఆగస్టు 6. ఊళ్ళో పోలీసులుండగానే, పట్టపగలు వేటాడి ఎనిమిది మందిని చంపారు. శవాలను గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. బాధితులు పట్టుబట్టి, బొజ్జా తారకం గారి లాంటి వకీళ్ళు వెంట నిలబడి పోరాడితే, ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టారు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. అప్పటికే పదహారేళ్ళు గడిచాయి. 2014 ఏప్రిల్ లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయిన సమయం, చంపిన చోటు, చంపినవాళ్ళెవరన్నది ప్రాసిక్యూషన్ సరిగ్గా రుజువు చెయ్యలేకపోయిందన్నారు. టీవీ డాక్టరు నిమిషంలో చెప్పే సంగతి - ఏ గంటకు ప్రాణం పోయింది - సరిగ్గా అక్కడే మన కేసు విరిగిపోయింది. గోనెసంచిలో కట్టి నీళ్ళలో పడేసిన శవానికి గడియారం ఎవరు కట్టారు? శవాలు దాచినవాడికే ఆ దాపరికం లాభమైంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. వెయ్యి సీరియళ్ళు చూసినా ఈ ఒక్క కేసు నేర్పినంత నేర్పవు. కుర్రాళ్ళు చుండూరు తీర్పులు రెండూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇక పేర్ల సంగతి. బ్యోంకేశ్ బక్షీ. ఢిల్లీ క్రైమ్ లో వర్తికా చతుర్వేది. ది ఫ్యామిలీ మ్యాన్ లో శ్రీకాంత్ తివారీ. దేశాన్ని కాపాడేవాడు, నిజం కనిపెట్టేవాడు, ఆవేశపడకుండా ఆలోచించేవాడు అనగానే రాసేవాడి చేతికి ఆ ఇంటిపేర్లే వస్తాయి. ఎవరో కుట్ర చేసి పెట్టారని మేము అనటం లేదు. కుట్ర అయితే పట్టుకోవచ్చు. ఇది అలవాటు. ఆలోచించటం వాళ్ళ పని అని, దాక్కోవటం, పరిగెత్తటం, దొరకటం మన పని అని లోకానికి ఉన్న అలవాటు.

ఢిల్లీ క్రైమ్ రెండో భాగం 2022 ఆగస్టులో వచ్చింది. మొదటి భాగానికి అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది కాబట్టి గొప్పగా చెప్పుకున్నారు. ఈ రెండో భాగంలో ఢిల్లీలో డబ్బున్న ముసలివాళ్ళ ఇళ్ళల్లో హత్యలు జరుగుతాయి. నూనె రాసుకుని, చెడ్డీ బనియన్లతో వచ్చే ముఠా పని అనుకుని విముక్త జాతుల వాళ్ళను గుడిసెల్లోంచి గుంపులు గుంపులుగా పట్టుకొస్తారు. రిటైరైన ఒక పోలీసు వచ్చి వీళ్ళు పుట్టుకతోనే నేరస్తులని పాఠం చెబుతాడు. చతుర్వేది మేడం దాన్ని ఒప్పుకోదు, నిజమే. చివరికి చేసినవాళ్ళు వేరే అని తేలుతుంది, అదీ నిజమే. కానీ ఆ పాఠాన్ని అంతసేపు, అంత వివరంగా, నూనె రాసుకున్న ఒళ్ళు చూపిస్తూ వినిపించాక, చూసినవాడికి ఏం గుర్తుంటుంది? ఆ జాతుల్లోంచి చదువుకుని వచ్చినవాళ్ళు అప్పుడే దీన్ని విమర్శించారు.

పుట్టుకతో నేరస్తులు అనే మాట ఎక్కడిదో మనకు బాగా తెలియాలి. 1871లో తెల్లవాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కులం కులాన్నే నేరస్తులని రిజిస్టర్లో ఎక్కించారు. మన బాపట్ల పక్కన స్టువర్టుపురం అట్లాగే పుట్టింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతికింద పెట్టారు. హాజరు పట్టీ, రాత్రి కాపలా, ఊరు దాటాలంటే చీటీ. 1952లో ఆ చట్టం పోయింది. పేరు పోలేదు. స్టువర్టుపురం అనగానే సినిమావాడికి దొంగ కథే గుర్తొస్తుంది, 2023లో కూడా పెద్ద హీరోతో తీశారు. అక్కడ టీచర్లయినవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మీద సినిమా ఎవడు తీస్తాడు? జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని ఇవ్వటం, విముక్త జాతుల వాళ్ళను అలవాటు నేరస్తులుగా చూడటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న చెప్పింది. సుకన్యా శాంత అనే జర్నలిస్టు వేసిన కేసు అది. చట్టం పోయిన డెబ్బై రెండేళ్ళకు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతికి వస్తాం. ఇది మన ఇంటి సంగతి.

2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలో 'దిశ' మీద ఘోరం జరిగింది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్ పల్లి దగ్గర నలుగురు నిందితులనూ కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. మన పల్లెల్లో కూడా టపాకాయలు కాల్చారు. మా యువజన కమిటీల్లో ఉన్న పిల్లలు కూడా ఆ రోజు ఫోన్లలో సంబరం పెట్టుకున్నారు. మేము వద్దంటే మా మీద గొడవపడ్డారు. "ఆడపిల్ల ఉసురన్నా, మీకు జాలి లేదా?" అన్నారు. జాలి మాకూ ఉంది. కానీ ఆ చంపటం వాళ్ళకు కొత్తగా అనిపించలేదు చూడండి, అది మమ్మల్ని భయపెట్టింది. చివరి అయిదు నిమిషాలు ఎట్లా ఉండాలో టీవీ చెప్పి పెట్టింది, అట్లాగే జరిగింది, టీవీ కట్టేశారు.

తర్వాత ఏమైందో ఎంతమందికి తెలుసు? సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారన్న కథ నమ్మదగ్గది కాదంది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారంది. పది మంది పోలీసులను హత్య కేసులో విచారించాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. కేసు హైకోర్టుకు పోయింది. పూలు చల్లినవాళ్ళెవరూ ఈ నివేదిక చదవలేదు. నలుగురూ నేరం చేశారా లేదా అన్నది కోర్టులో తేలనే లేదు, ఇక తేలదు కూడా.

దానికి మూడు రోజుల ముందు, 2019 నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఇంకొక ఘోరం జరిగింది. ఊరూరా తిరిగి చిన్నచిన్న సామాన్లు అమ్ముకునే బుడగజంగాల స్త్రీ. ఎస్సీ. ఆమెకు 'సమత' అని పేరు పెట్టారు. ఏ టీవీ వాన్లు పోయాయి అక్కడికి? దళిత సంఘాలు రోడ్డెక్కి అడిగితే గాని పెద్ద పేపర్లు మొదటి పేజీలో వెయ్యలేదు. అక్కడ ఎన్‌కౌంటర్ లేదు. ప్రత్యేక కోర్టు పెట్టారు, సాక్షులు వచ్చారు, విచారణ జరిగింది, 2020 జనవరి 30న ముగ్గురికీ శిక్ష పడింది. ఉరిశిక్ష మంచిదా కాదా అన్నది వేరే చర్చ, రేపు పెట్టుకుందాం. కానీ రెండు నెలల చిల్లరలో కోర్టులో విచారణ జరపొచ్చని తేలింది గదా? కోర్టుతో పనికాదు, కాల్చెయ్యాలి అన్నవాళ్ళు సమత కేసు గురించి ఎందుకు మాట్లాడరు? పూలు ఎక్కడ చల్లారు, ఎక్కడ చల్లలేదు అని అడిగితే కులం బయటపడుతుంది.

ఎన్‌కౌంటర్ అనే మాట మన నేలకు కొత్త కాదు. ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో అడవి పక్క పల్లెలను అడగండి. అలవాటైన చెయ్యి అక్కడితో ఆగదు. రేపు మన గూడెం కుర్రాడు మోటారు వైరు దొంగతనం కేసులో ఇరుక్కున్నప్పుడు, "దెబ్బలు తగిలిస్తే చెబుతాడు" అన్న మాట చుట్టూ ఉన్నవాళ్ళకు మామూలుగా వినపడుతుంది.

గూఢచారి సీరియళ్ళ గురించి కొంచెం. ది ఫ్యామిలీ మ్యాన్ తీసిన రాజ్, డీకే మన తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలే. శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుకున్నారు. 2019లో మొదటి భాగం వచ్చింది. అందులో ఒక సంగతి ఉంది, చాలామంది మర్చిపోయారు. కరీం అనే ముస్లిం విద్యార్థి, ఇంకో ఇద్దరు స్నేహితులు, ఆవుమాంసం పేరున చేసే హత్యలకు నిరసనగా ఒక రాజకీయ నాయకుడి విందులో గొడ్డుమాంసం కలపాలనుకుంటారు. టెర్రరిస్టులనుకుని కాల్చేస్తారు. తర్వాత తప్పు తెలుస్తుంది. కానీ బయటకు చెప్పరు. కరీం టెర్రరిస్టుగానే మిగిలిపోతాడు. తివారీగారు బాధపడతాడు. బాధపడి తర్వాతి పనిలోకి పోతాడు, మనమూ ఆయన వెంట పోతాం. 2012 ఏప్రిల్ లో ఉస్మానియాలో గొడ్డుమాంసం పండగ చేసి దెబ్బలు తిన్న పిల్లలు మనకు తెలుసు కాబట్టి మేము అక్కడ ఆగిపోయాం. ఆ కరీం తల్లి ఎక్కడుందో సీరియల్ చెప్పలేదే అనుకున్నాం. పెద్దమ్మ ప్రశ్న మళ్ళీ అక్కడికే వచ్చింది.

అసలు గూఢచారి కథలు మనకు సీరియళ్ళలో చూడాల్సిన పనిలేదు. భీమా కోరేగావ్ కేసు చాలు. 1818లో మహార్ సైనికులు పోరాడిన చోట 2018 జనవరి 1న రెండు వందల ఏళ్ళు జరుపుకోవటానికి పోయిన జనం మీద రాళ్ళు పడ్డాయి. అరెస్టయింది మాత్రం మేధావులు, వకీళ్ళు, కవులు. మన వరవరరావు గారు వాళ్ళలో ఒకరు. కంప్యూటర్లలో ఉత్తరాలు దొరికాయన్నారు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆర్సెనల్ అనే సంస్థ పరీక్షించి, రోనా విల్సన్ కంప్యూటర్ లోకి దొంగ ప్రోగ్రాం పంపి, ఆ ఉత్తరాలను బయటనుంచి పెట్టారని చెప్పింది. ఆయన వాటిని తెరిచి చూసిన జాడ కూడా లేదంది. ఆనంద్ తేల్తుంబ్డే 2020లో సరిగ్గా ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ పుట్టినరోజున లొంగిపోవాల్సి వచ్చింది. బెయిలు మీద 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినాన బయటకు వచ్చారు. ఏ రచయిత అయినా ఇట్లా తేదీలు రాస్తే "మరీ సినిమా" అంటారు. టీవీలో గూఢచారి ఎప్పుడూ దేశాన్ని కాపాడుతుంటాడు. కంప్యూటర్ లో ఉత్తరాలు పెట్టే గూఢచారి మీద సీరియల్ మేమింకా చూడలేదు. మీలో ఫోనులో సంఘం పనులు చేసేవాళ్ళు తెలియని లింకులు నొక్కొద్దని మూడు నెలల నుంచి చెబుతున్నాం. ఇంకా నొక్కుతూనే ఉన్నారు.

అన్నీ చెడ్డవేనా అంటే కాదు. 2020లో వచ్చిన పాతాళ్ లోక్ లో ముద్దాయిల వెనక ఉన్న ఊళ్ళు చూపించారు. పంజాబులో అగ్రకుల కుర్రాళ్ళ చేతిలో అవమానపడిన పిల్లోడు కత్తి ఎందుకు పట్టాడో చూపించారు. అతని తల్లి మీద చేసిన ఘోరాన్ని అంత చూపించక్కర్లేదని మాలోని ఆడవాళ్ళు అన్నారు. మాకూ అట్లాగే అనిపించింది.

2023లో వచ్చిన దహాడ్ మాత్రం మీరంతా చూడాలి. ఎనిమిది భాగాలు. రాజస్థాన్ లో ఎస్సై అంజలి భాటీ. భాటీ పైకి పెట్టుకున్న పేరు, అసలు పేరు మేఘవాల్. ఆమె స్టేషన్లో నడిచిపోతే వెనకాల ఒకడు అగరొత్తి వెలిగిస్తాడు. ఇల్లు సోదా చెయ్యటానికి పోతే ఠాకూరు గుమ్మం తొక్కనీయడు. ఆమె రాజ్యాంగం మాట చెప్పి లోపలికి పోతుంది. పేద కులాల ఆడపిల్లలను ఒక పంతులు పెళ్ళి పేరున తీసుకుపోయి చంపుతుంటాడు. ఇరవై, ముప్పై మంది పోయినా ఎవరికీ తెలియదు. ఎందుకు తెలియదు? కట్నం లేని పిల్ల లేచిపోతే పీడ పోయిందనుకున్నారు, వెతికినవాడు లేడు. ఒక అన్న చెల్లెలి కోసం స్టేషన్ చుట్టూ తిరుగుతాడు. పట్టించుకోరు. చివరికి ముస్లింతో లేచిపోయిందని అబద్ధం చెబుతాడు, అప్పుడు కదులుతుంది స్టేషన్. ఆ ఒక్క సంగతి రాసినవాళ్ళకు మా దండం. కాయితం ఎందుకు రాయరు, ఏ అబద్ధం చెబితే రాస్తారు అన్నది మొదటిసారి ఒక నేర నాటకం కథగా చెప్పింది. కర్ణాటకలో పెళ్ళి పేరున వరసగా ఆడవాళ్ళను సైనైడుతో చంపిన ఒక స్కూలు పంతులు కేసు ఉంది, దాన్ని గుర్తుచేసే కథ ఇది.

అందులోనూ లోపాలున్నాయి. ఆ వేషం వేసింది దళిత నటి కాదు. రాసినవాళ్ళలో, తీసినవాళ్ళలో మనవాళ్ళు ముందు వరసలో లేరు. మేఘవాల్ అని పేరు మళ్ళీ పెట్టుకోవటానికి ఆఖరి భాగం దాకా ఆగాలా అని మాలో వాదన జరిగింది, ఇంకా తేలలేదు. చూసి మీరు చెప్పండి.

టీవీ కట్టెయ్యమని మేము చెప్పటం లేదు. చెప్పినా వినరు. పిల్లలతో కూర్చుని చూడండి. చెంపదెబ్బ పడ్డప్పుడు ఆపి, ఇది నేరం అని చెప్పండి. మనిషిని పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని, ఇంట్లో వాళ్ళకు చెప్పాలని, అరెస్టు కాగితం రాయాలని 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అని ఒక పుస్తకమే రాశారు. బల్ల మీద కాపీలు పెట్టాం. సెక్షన్ల నంబర్లు కొన్ని మారాయి, మారినవి పెన్నుతో దిద్ది పెట్టాం. అట్రాసిటీ కేసు రాయటానికి "ముందు ప్రాథమిక విచారణ చెయ్యాలి" అని తిప్పితే, చట్టంలో 18ఎ చూపించండి. 2018 ఏప్రిల్ 2న భారత్ బంద్ లో మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటే వచ్చిన సెక్షన్ అది. చెయ్యాల్సిన పని కావాలని చెయ్యని దళితేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అని 4వ సెక్షన్ ఉంది. నిన్న సాయంత్రం తరగతిలో నిద్రపోయినవాళ్ళు ఇవాళ రాసుకోండి.

భోజనాలయ్యాక దహాడ్ మొదటి భాగం వేస్తాం. ప్రొజెక్టరు అద్దెకు తెచ్చాం, తెరకు పంచె కట్టాం. కరెంటు పోతే జనరేటరు ఉంది గాని డీజిలు గంటకే సరిపోతుంది. హిందీ వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చుని మెల్లగా చెప్పండి. అయిపోయాక ప్రతి కమిటీ వాళ్ళు ఒక కాగితం రాసివ్వాలి: మీ గూడెంలో గత పదేళ్ళలో తప్పిపోయిన ఆడవాళ్ళు ఎందరు, ఎంతమందికి కేసు రాశారు, ఎన్నో రోజున రాశారు. పేర్లు బయటకు పోవు, మా దగ్గరే ఉంటాయి. చదువు రాని వాళ్ళకు పిల్లలు రాసిపెట్టండి.

పెద్దమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆమెకు సరిగా కనపడదు, తెరకు అడ్డంగా నిలబడకండి.

జై భీమ్!